రొమ్ము క్యాన్సర్ రోగుల కోసం హైదరాబాద్ మారథాన్ పరుగు: విరాళాలు ఎలా సేకరించాలి, ఎక్కడ ఖర్చు కావాలి?

హుస్సేన్‌సాగర్ ఉదయం (హైదరాబాద్)

ఈ చర్చావేదిక సభ్యులందరికీ నమస్కారం. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫుల్ విభాగానికి, అంటే 42.195 కిలోమీటర్ల పరుగుకు, పేరు నమోదు చేసుకున్నాను. హాఫ్ పరుగెత్తిన అనుభవం ఉంది, ఫుల్ మాత్రం ఇదే మొదటిసారి. ఈ పరుగును ఆధారం చేసుకుని రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న పేద మహిళలకు విరాళాలు సేకరించాలని సంకల్పించాను. మా పెద్దక్కకు ఈ జబ్బు వచ్చి, చికిత్స పూర్తయి, ఇప్పుడు ఆరోగ్యంగా ఉంది. ఆమెకు తోడుగా ఆసుపత్రికి వెళ్లిన రోజుల్లో నా మనసును కలచివేసిన విషయం ఒకటుంది. వైద్యం ఖర్చు ప్రభుత్వ పథకంలో వెళ్లిపోతున్నా, దూరపు జిల్లాల నుంచి వచ్చిన స్త్రీలు రిపోర్టుల కవరు తలకింద పెట్టుకుని వరండాలోనే చాప పరుచుకుని పడుకునేవారు.

నేను అడగదలచినవి మూడు. సేకరించిన సొమ్ము ఏ అవసరానికి ఇస్తే ఎక్కువ మేలు జరుగుతుంది? ఎవరికీ అనుమానం కలగకుండా సేకరణ ఎలా నడపాలి? నలభై ఏళ్లు దాటిన నాలాంటి స్త్రీ ఎండాకాలంలో మొదలుపెట్టి ఆగస్టు నాటికి ఫుల్‌కు ఎలా సిద్ధం కావాలి? అనుభవమున్నవారు వివరంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

లెక్కల పద్దు (విజయవాడ)

మీ సంకల్పం మెచ్చుకోదగినది. ముందుగా రెండవ ప్రశ్నకు సమాధానం చెబుతాను, ఎందుకంటే మంచి ఉద్దేశంతో మొదలైన సేకరణలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

విరాళం ఒక్క రూపాయి కూడా మీ సొంత ఖాతాలోకి గాని, మీ ఫోన్ నంబరుకు గాని రానివ్వకండి. ఎవరు ఎంత ఇచ్చినా అది నేరుగా సంస్థ ఖాతాలోకి వెళ్లాలి, రసీదు సంస్థ నుంచే రావాలి. మీరు అడిగేవారు మాత్రమే, పుచ్చుకునేవారు కారు. ఈ గీత మొదటి రోజే గీసుకుంటే చివరిదాకా నిశ్చింతగా ఉండవచ్చు. సంస్థకు ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ (ధర్మసంస్థగా గుర్తింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) అని పిలిచే నమోదులు ఉన్నాయా, వాటి గడువు తీరిపోలేదా అన్నది కాగితం చూసి నిర్ధారించుకోండి. సాధారణంగా ఇటువంటి ధర్మసంస్థలకు ఇచ్చిన మొత్తంలో సగానికి పన్ను మినహాయింపు లభిస్తుంది, దానికీ మొత్తం ఆదాయాన్ని బట్టి 10 శాతం పరిమితి ఉంటుంది. నగదుగా ఇస్తే 2,000 రూపాయలు దాటిన విరాళానికి మినహాయింపు ఉండదు. సంస్థ ఆర్థిక సంవత్సరం ముగిశాక విరాళ ధ్రువపత్రం ఇవ్వాలి. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి 80జీ మినహాయింపే లేదు, జీతగాళ్లలో చాలామంది ఇప్పుడు అందులోనే ఉన్నారు. అందువల్ల పన్ను ఆదాను ప్రధాన ఆకర్షణగా చూపి విరాళం అడగవద్దు.

ఇంకొక్క మాట. పరుగుకు కట్టిన ప్రవేశ రుసుము, బూట్లు, బట్టలు మీ సొంత ఖర్చు అని విజ్ఞప్తిలో స్పష్టంగా రాయండి. ప్రవేశ రుసుమే విరాళమని చాలామంది పొరబడుతుంటారు. ఆ రుసుము పరుగు నిర్వహణకు పోతుంది.

కాకతీయ తోరణం (వరంగల్)

నా ప్రశ్నను ఎవరూ తప్పుగా తీసుకోవద్దని మనవి. మా మేనత్త ఈ జబ్బుతోనే పోయింది, కాబట్టి ఈ విషయం నాకు కొత్త కాదు, తేలికా కాదు. అయినా అడుగుతున్నాను. ఒక మనిషి నెలల తరబడి శరీరాన్ని కష్టపెట్టుకుని 42 కిలోమీటర్లు పరుగెత్తితే రోగికి ఒరిగేదేమిటి? ఇవ్వదలచినవారు నేరుగా ఇవ్వవచ్చు కదా. గులాబీ రంగు చొక్కాలు వేసుకుని ఫొటోలు దిగే కార్యక్రమాలు నగరంలో ఎన్నో చూశాను. మా ఊళ్లో స్త్రీలు మాత్రం ఇప్పటికీ గడ్డ పుండయ్యేదాకా ఎవరికీ చెప్పడం లేదు.

విశాఖ తీరం (విశాఖపట్నం)

కాకతీయ తోరణం గారి ప్రశ్న న్యాయమైనదే. నేను బీచ్ రోడ్డులో కొత్తవారికి పరుగు నేర్పుతుంటాను. ఒక ధర్మకార్యం కోసం పరుగెత్తినవారిని దగ్గరగా చూశాను కాబట్టి నాకు తోచినది చెబుతాను.

నేరుగా ఇవ్వవచ్చు, నిజమే, కాని అడగనిదే ఇచ్చేవారు చాలా తక్కువ. తనకు బాగా తెలిసిన మనిషి, తానూ ఏదో ఒక కష్టానికి సిద్ధపడి, ఫలానా పని కోసం అని పేరు చెప్పి అడిగినప్పుడు జేబులోకి చెయ్యి వెళుతుంది. రెండో కారణం నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది. మారథాన్ ఒక్క రోజు పని కాదు. అయిదారు నెలలపాటు ప్రతి ఆదివారం ఎంత దూరం పరుగెత్తారో బంధువులకు, తోటి ఉద్యోగులకు చెబుతూ ఉంటారు, ఆ చెప్పిన ప్రతిసారీ రొమ్ము క్యాన్సర్ అన్న మాట కూడా ఆ ఇంట్లో వినపడుతుంది. మన ఇళ్లలో మగవాళ్ల ఎదుట ఈ మాట పలకడానికే స్త్రీలు సంకోచిస్తారు. ఒక పరుగు ఆరు నెలలపాటు ఆ సంకోచాన్ని కొంచెం కొంచెంగా తొలగిస్తుంది. కేవలం మహిళల కోసం 2012లో మిలింద్ సోమన్ మొదలుపెట్టిన పింకథాన్ పరుగు ముందుకు తెచ్చిన ఆలోచన ఇటువంటిదే. హైదరాబాద్‌లో 2007లో డాక్టర్ పి. రఘురామ్ తన తల్లి పేరిట స్థాపించిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ కూడా నడకలు, గులాబీ రిబ్బన్ కార్యక్రమాల ద్వారా ఈ విషయాన్ని బహిరంగంగా మాట్లాడుకునేలా చేసింది.

అయితే చొక్కాలకు, వేదికకు, బెలూన్లకు పెట్టే ఖర్చు విరాళంలోంచి పోకూడదు. ఈ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

పల్లె దవాఖానా (నాగర్‌కర్నూల్ జిల్లా)

నేను నర్సుగా పనిచేస్తున్నాను. కాకతీయ తోరణం గారు చెప్పిన పరిస్థితి నేను ప్రతి నెలా చూసేదే, కాబట్టి కొంచెం విపులంగా రాస్తున్నాను.

మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం రొమ్ము క్యాన్సర్‌దే. 2022కు అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ వేసిన అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదే దాదాపు 1.92 లక్షల మందికి కొత్తగా ఈ జబ్బు బయటపడింది, 98 వేలకు పైగా మరణించారు. పాశ్చాత్య దేశాల స్త్రీలతో పోలిస్తే మన స్త్రీలకు ఇది సుమారు పదేళ్లు ముందుగా వస్తోంది. అంటే ఇంట్లో బడికి వెళ్లే పిల్లలు ఉన్న వయసులో, కూలి మానితే పొయ్యి వెలగని వయసులో వస్తోంది.

ఆలస్యానికి కారణం సిగ్గు ఒక్కటే అనుకుంటే పొరపాటు. మొదట్లో గడ్డకు నొప్పి ఉండదు. ‘నొప్పి లేదు కదమ్మా, అదే కరిగిపోతుందిలే’ అన్న మాట నేను ఎందరి నోట విన్నానో చెప్పలేను. నాట్లు అయ్యాక చూపించుకుంటానని కొందరు, బిడ్డ పెళ్లి కానీ అని కొందరు. నేను పరీక్ష చేసేటప్పుడు మూడు వేళ్ల మెత్తని భాగంతో, గోరు తగలకుండా, చిన్న చిన్న వలయాలుగా మెడ ఎముక దగ్గర నుంచి కిందివరకు, ఆపైన చంకలోపలివరకు నొక్కి చూస్తాను. గడ్డ ఉన్న చోట చర్మం లోపలికి లాగినట్టు గుంట పడిందా, చనుమొన లోపలికి పోయిందా, రక్తపు మరక ఏమైనా ఉందా అని గమనిస్తాను. దీనికి యంత్రం అక్కర్లేదు, తలుపు వేసుకునే ఒక గది, శిక్షణ పొందిన ఒక స్త్రీ ఉంటే చాలు.

ఈ చేతి పరీక్ష విలువ ఎంతో ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు తేల్చి చెప్పారు. 1998లో మొదలుపెట్టి, 35 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్న లక్షన్నర మంది బస్తీ మహిళలను రెండు భాగాలుగా చేసి, ఒక భాగానికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తల చేత రెండేళ్లకోసారి పరీక్ష చేయించారు. ఇరవై ఏళ్ల ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి. పరీక్షలు జరిగిన వర్గంలో జబ్బు తొలిదశలోనే ఎక్కువగా దొరికింది. 50 ఏళ్లు దాటిన వారిలో ఈ జబ్బు వల్ల కలిగే మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్న వయసువారిలో మరణాల తగ్గుదల స్పష్టంగా కనిపించలేదు అన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే విరాళం అడిగేటప్పుడు ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడమే మంచిది.

తెలంగాణలో 2023 మార్చి నుంచి ఆరోగ్య మహిళ పేరుతో మంగళవారం క్లినిక్కులు మొదలయ్యాయి. 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఈ పరీక్ష చేయాలన్నది జాతీయ కార్యక్రమంలోనూ ఉంది. కాబట్టి పరీక్ష చేసే ఏర్పాటు కొంతవరకు ఉన్నట్టే. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. గడ్డ ఉందని నేను చీటీ రాసిచ్చిన స్త్రీ, జిల్లా ఆసుపత్రికి, అక్కడినుంచి హైదరాబాద్‌కు వెళ్లి, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించుకుని, ఫలితం తీసుకునేలోపు దారిలో ఎక్కడో ఆగిపోతుంది. బస్సు ఛార్జీ, తోడు వచ్చే మనిషి, రెండు రోజుల కూలి నష్టం, ఇవే ఆమెను ఆపేవి. ఒక రోజు శిబిరం పెట్టి, గడ్డ ఉందని చెప్పి, తర్వాత పట్టించుకోకుండా వెళ్లిపోవడం కంటే శిబిరం పెట్టకపోవడమే నయం. ఆ స్త్రీకి భయం మాత్రమే మిగులుతుంది.

కాకతీయ తోరణం (వరంగల్)

పల్లె దవాఖానా గారికి కృతజ్ఞతలు. మీరు రాసినది చదివాక మా మేనత్త విషయంలో ఏం జరిగిందో నాకు ఇంకా బాగా అర్థమైంది. అలాగైతే సేకరించిన సొమ్ముతో ఊరూరా తిరిగే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) వాహనం ఏర్పాటుకు సాయపడటం మంచిది కాదా? యంత్రం చేతికంటే ముందే పసిగడుతుంది కదా.

పల్లె దవాఖానా (నాగర్‌కర్నూల్ జిల్లా)

పసిగడుతుంది, నిజమే అన్నయ్యగారూ. కాని ఆ వాహనానికి, యంత్రానికి, ఫిల్ము చూసి చెప్పగల రేడియాలజిస్టుకు, డీజిలుకు అయ్యే ఖర్చు ఒక వ్యక్తి పరుగెత్తి సేకరించే మొత్తానికి అందేది కాదు. పైగా నలభై లోపు స్త్రీలలో రొమ్ము కణజాలం చిక్కగా ఉండటం వల్ల మామోగ్రామ్‌లో గడ్డ సరిగా కనిపించకపోవచ్చు, అల్ట్రాసౌండ్ కూడా అవసరమవుతుంది. మా వైపు వచ్చే స్త్రీలలో ఎక్కువమందికి గడ్డ ఉన్న సంగతి వాళ్లకే తెలుసు. కొత్తగా కనిపెట్టవలసిన అవసరం కంటే, తెలిసిన గడ్డను త్వరగా పరీక్షకు చేర్చవలసిన అవసరమే ఇక్కడ ఎక్కువ.

లీనాక్ గది (హైదరాబాద్)

రేడియేషన్ విభాగంలో సాంకేతిక నిపుణుడిగా పనిచేస్తున్నాను. పనిచేసే చోటు పేరు చెప్పను, మా రోగుల సంగతులు బయట రాయడం భావ్యం కాదు. పేరులేకుండా చెప్పదగినంత చెబుతాను.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చిన తర్వాత ఆపరేషన్, కీమో, రేడియేషన్‌లకు పేదవారు ఆస్తులు అమ్ముకోవలసిన పరిస్థితి చాలావరకు తగ్గింది. తెలంగాణలో ఇప్పుడు ఆ పథకం కింద ఉచిత వైద్యానికి ఉన్న పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే వంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి తెలంగాణ జిల్లాల నుంచే కాక సరిహద్దు కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా రోగులు వస్తారు. ఇప్పుడు పథకంలో లేనివేమిటో చూడండి.

రొమ్ము ఆపరేషన్ తర్వాత రేడియేషన్ సాధారణంగా 15 సిట్టింగులు ఉంటుంది, కొందరికి ఇంకొన్ని కలుపుతారు. రోజుకు ఒకటి, వారానికి అయిదు రోజులు, అంటే మూడు నాలుగు వారాలు. ఒక్కో సిట్టింగు కొన్ని నిమిషాల పనే, నొప్పి ఉండదు. మా రోగులు దీన్ని ‘కరెంటు పెట్టించుకోవడం’ అంటారు. ఆ కొన్ని నిమిషాల కోసం ఆసిఫాబాద్ నుంచి వచ్చిన మనిషి రోజూ వెళ్లి రాలేదు. మూడు వారాలు నగరంలో ఉండాలి, తోడుగా ఒకరు ఉండాలి, ఇద్దరూ తినాలి, ఊళ్లో పిల్లల్ని ఎవరో చూసుకోవాలి. మధ్యలో సిట్టింగులు మానేసి వెళ్లిపోయినవారిని అడిగితే జబ్బు గురించి చెప్పరు, గది అద్దె గురించి చెబుతారు. సిట్టింగుల మధ్య ఎడం పెరిగితే చికిత్స ఫలితం తగ్గుతుంది, ఇది వాళ్లకు చెప్పడానికి మాకు నోరు రాదు, ఎందుకంటే వాళ్లు కావాలని మానలేదు.

రెండోది, ముక్క పరీక్ష తర్వాత చేసే ఐహెచ్‌సీ పరీక్ష. జబ్బుకు హార్మోన్లతో సంబంధం ఉందా, హెర్2 ప్రోటీన్ ఎక్కువగా ఉందా అన్నది దీనివల్లే తేలుతుంది, మందు ఏది అన్నది దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఆసుపత్రిలో వరుస పెద్దదైనప్పుడు బయట ప్రయోగశాలలో చేయించుకోమంటే డబ్బు లేక వారాలు గడిచిపోతాయి. హెర్2 ఉన్నవారికి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ మూడు వారాలకోసారి ఏడాదిపాటు సాగుతుంది. బయోకాన్ 2014లో తక్కువ ధరకు దేశీయంగా తెచ్చిన తర్వాత కూడా పేద కుటుంబానికి అది పెద్ద మొత్తమే. ఒక వ్యక్తి సేకరణ దాన్ని మోయలేదు, కాని బస, ప్రయాణం, పరీక్షల ఖర్చు తప్పకుండా మోయగలదు. నా సలహా ఇదే: ఆసుపత్రి సామాజిక కార్యకర్త ద్వారా రోగిని గుర్తించి, బసకు, ప్రయాణానికి, ఆగిపోయిన పరీక్షకు నేరుగా చెల్లించే సంస్థను ఎంచుకోండి.

గుంటూరు వేకువ (గుంటూరు)

నేను ఈ జబ్బునుంచి బయటపడిన మనిషిని, ఎడమ వైపు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి, ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటూ హాఫ్ మారథాన్లు పరుగెత్తుతున్నాను. హుస్సేన్‌సాగర్ ఉదయం గారికి కాక, ఆమె పరుగు చూసి ఉత్సాహపడి తామూ పరుగెత్తాలనుకునే నాలాంటివారికి కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

చికిత్సలో వాడిన మందులు ఏమిటో ముందుగా తెలుసుకోవాలి. ఎర్రరంగు కీమో అని అందరూ అనే డాక్సోరూబిసిన్ గాని, ట్రాస్టుజుమాబ్ గాని తీసుకున్నవారు గుండెకు ఎకో పరీక్ష చేయించుకుని, వైద్యుల అనుమతి పొందిన తర్వాతే కఠినమైన సాధన మొదలుపెట్టాలి. పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు తీసుకున్నవారికి అరికాళ్లలో తిమ్మిరి చాలాకాలం ఉండిపోతుంది. నాకు అలాగే ఉండేది, రోడ్డు మీద చిన్న రాయి కాలికింద పడినా తెలిసేది కాదు, అందుకే మొదటి నెలలు మైదానంలో సమంగా ఉన్న దారిలోనే నడిచాను. చంకలో గ్రంథులు తీసినవారికి ఆ చెయ్యి వాయవచ్చు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదని మనవాళ్లు బిందె కూడా ముట్టుకోనివ్వరు. 2009లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనంలో, చెయ్యి వాచిన స్త్రీలు కూడా పర్యవేక్షణలో నెమ్మదిగా పెంచుకుంటూ బరువులు ఎత్తితే వాపు పెరగలేదని తేలింది. ఫిజియోథెరపిస్టు సలహాతో చేస్తే ఆ చేతికి మేలే జరుగుతుంది. పరుగెత్తేటప్పుడు వాపు ఉన్నవారు ఆ చేతికి బిగుతు తొడుగు వేసుకోవాలి, గడియారం రెండో చేతికి పెట్టుకోవాలి.

హార్మోన్ మాత్రల వల్ల కీళ్లు పట్టేస్తాయి, పొద్దున్నే మంచం దిగడం కష్టమవుతుంది. వ్యాయామం మానితే అది ఇంకా పెరుగుతుంది, మెల్లగా కదిలితే తగ్గుతుంది. నా స్నేహితురాలు ఒకామె ఈ నొప్పికి భయపడి మాత్రే మానేయబోయింది. నడక మొదలుపెట్టాక మాత్ర కొనసాగించింది. పరుగు విలువ నాకు అక్కడ తెలిసింది.

విరాళం అడిగేవారికి ఒక విన్నపం. మా ఫొటోలు, జుట్టు రాలిన రోజుల ఫొటోలు పెట్టి జాలి పుట్టించవద్దు. మా అనుమతి తీసుకున్నా, ఆ రోజుల్లో మేము దేనికీ కాదనలేని స్థితిలో ఉంటాం.

విశాఖ తీరం (విశాఖపట్నం)

గుంటూరు వేకువ గారి మాటలు ప్రతి పరుగు బృందం చదవవలసినవి. ఇక సాధన విషయం.

హైదరాబాద్ ఫుల్ దేశంలో కష్టమైన దారుల్లో ఒకటి. నెక్లెస్ రోడ్డు వైపు మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసేలోపు ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తులు వరుసగా వస్తాయి, ఆగస్టు ఉక్క వాటికి తోడవుతుంది. సమతలంగా ఉండే దారిలో మీకు పట్టే సమయాన్ని లెక్కవేసుకుని దీనికి దిగవద్దు. వారానికోసారి ఫ్లైఓవర్ ఎక్కుతూ దిగుతూ సాధన చేయండి. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేసి, ఊపిరి అదుపులో ఉంచుకోండి. దిగేటప్పుడు వేగంగా దూకితే మోకాళ్ల పైకండరాలు 30వ కిలోమీటరు దగ్గర మొరాయిస్తాయి.

వారంలో నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు కండర బలానికి వ్యాయామం, ఒక రోజు పూర్తి విశ్రాంతి సరిపోతుంది. ఆదివారం లాంగ్ రన్‌ను క్రమంగా పెంచుతూ, మూడు వారాలు పెంచాక నాలుగో వారం తగ్గించాలి. 30 నుంచి 32 కిలోమీటర్ల లాంగ్ రన్ జూలైలో చేసి, చివరి మూడు వారాలు దూరం తగ్గించుకుంటూ రావాలి. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే బయలుదేరి ఎండ ఎక్కకముందే ముగించండి. దాహం వేసినంతే తాగండి. గంటల తరబడి మంచినీళ్లు మాత్రమే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి ఓఆర్‌ఎస్ గాని, ఉప్పు కలిపిన నిమ్మరసం గాని సాధనలోనే అలవాటు చేసుకోండి. పరుగు రోజు కొత్త బూట్లు, కొత్త తిండి ఏవీ వద్దు. స్త్రీలు సరైన స్పోర్ట్స్ బ్రా విషయంలో మొహమాటపడి రాజీపడుతుంటారు, లాంగ్ రన్‌లో ఒరిపిడికి చర్మం చిట్లిపోయేదాకా బయటికి చెప్పరు. దానికి బూట్లకు పెట్టినంత శ్రద్ధ పెట్టండి.

జాక్సన్‌విల్ తెలుగు (ఫ్లోరిడా)

మా ఊళ్లో ప్రతి ఫిబ్రవరిలో జరిగే డోనా మారథాన్ ఈ చర్చకు ఉపయోగపడుతుందనిపించి రాస్తున్నాను. టీవీ వార్తలు చదివే డోనా డీగన్ మూడుసార్లు రొమ్ము క్యాన్సర్‌ను ఎదుర్కొని 2008లో దీన్ని ప్రారంభించారు. 2023లో ఆమె ఇదే నగరానికి మేయరుగా ఎన్నికయ్యారు. ఇందులో వచ్చిన సొమ్ము మేయో క్లినిక్‌లో పరిశోధనకు, చికిత్సకాలంలో ఆర్థికంగా చితికిపోయిన రోగుల అవసరాలకు పోతుంది. సంపన్న దేశంలో కూడా ఇంటి అద్దె, కరెంటు బిల్లు కట్టలేక చికిత్స మధ్యలో ఇబ్బంది పడేవారు ఉన్నారని నాకు ఆ సంస్థ పని చూశాకే తెలిసింది. లీనాక్ గది గారు చెప్పినదానికి, ఇక్కడ జరుగుతున్నదానికి తేడా పెద్దగా లేదు.

ఇక్కడి తెలుగు కుటుంబాలు మీ పరుగుకు విరాళం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి. నేరుగా పంపవచ్చా?

లెక్కల పద్దు (విజయవాడ)

ఇది జాగ్రత్తగా చూడవలసిన విషయం. భారత పౌరసత్వం ఉన్నవారు విదేశంలో ఉంటూ తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ దాతలే అవుతారు. వారి సొమ్ము తీసుకోవాలంటే ఇక్కడి సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఉన్న ప్రత్యేక ఖాతాలోకే రావాలి. ‘మా తమ్ముడి ఖాతాకు పంపుతాను, అతను మీకు ఇస్తాడు’ అన్న దారి అసలు వద్దు, దానివల్ల చిక్కుల్లో పడేది సంస్థే. అలాగే ఇక్కడి సంస్థకు నేరుగా ఇచ్చిన విరాళానికి అక్కడ పన్ను మినహాయింపు రాదు. అక్కడ నమోదైన లాభాపేక్షలేని సంస్థ ద్వారా ఇస్తేనే వస్తుంది. కాబట్టి మీ మిత్రులను ముందుగా పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి రెండు జాబితాలు చేసుకోండి.

హుస్సేన్‌సాగర్ ఉదయం (హైదరాబాద్)

అందరి మాటలూ ఒకటికి రెండుసార్లు చదివి, మా అక్కతో, మావారితో కూర్చుని మాట్లాడి ఒక నిర్ణయానికి వచ్చాను. అవగాహన కార్యక్రమాలకు, చొక్కాలకు ఈ సొమ్ములో రూపాయి కూడా వెళ్లదు. నాలుగింట మూడు వంతులు రేడియేషన్ కోసం నగరంలో ఉండవలసిన స్త్రీలకు, తోడు మనిషికి బస, భోజనం, ప్రయాణాలకు. మిగిలిన వంతు గడ్డ ఉందని చీటీ రాసిచ్చిన తర్వాత ముక్క పరీక్షదాకా, ఐహెచ్‌సీ ఫలితందాకా చేర్చడానికి. లీనాక్ గది గారు చెప్పిన పద్ధతిలో పనిచేసే ఒక సంస్థతో మాట్లాడాను, నమోదు పత్రాలు లెక్కల పద్దు గారికి పంపుతున్నాను, వారు చూసి సరేనన్న తర్వాతే పేరు ఇక్కడ రాస్తాను. రోగుల పేర్లు, ఫొటోలు ఎక్కడా వాడం.

విజ్ఞప్తి ముసాయిదా ఇది: ‘ఆగస్టులో హైదరాబాద్ ఫుల్ మారథాన్ పరుగెత్తుతున్నాను. నా పరుగు ఖర్చు నాదే. మీరిచ్చే ప్రతి రూపాయి, రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటూ నగరంలో తలదాచుకోవడానికి చోటులేని స్త్రీలకు చేరుతుంది. డబ్బు నాకు పంపవద్దు, కింద ఇచ్చిన సంస్థ ఖాతాకే పంపండి, రసీదు తప్పక తీసుకోండి.’ మార్పులు చెప్పగలరు.

పల్లె దవాఖానా (నాగర్‌కర్నూల్ జిల్లా)

బాగుంది అక్కయ్యగారూ. కాని ముక్క పరీక్షకు వెళ్లే వంతు గురించి కూడా ఒక వాక్యం చేర్చండి, లేకుంటే ఇచ్చినవారికి చెప్పని పనికి ఖర్చు చేసినట్టవుతుంది. ఈ విజ్ఞప్తి వందలమంది ఫోన్లలోకి వెళుతుంది కాబట్టి చివర ఇంకో రెండు వాక్యాలు కూడా రాయండి: రొమ్ములో గాని, చంకలో గాని గడ్డ తగిలినా, చర్మం గుంటపడినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, రక్తం కనిపించినా నొప్పి లేకపోయినా సరే వెంటనే చూపించుకోవాలి. మగవాళ్లకు కూడా అరుదుగా ఈ జబ్బు వస్తుంది, వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. డబ్బు ఇవ్వలేని ఇంట్లో కూడా ఆ వాక్యాలు ఎవరో ఒకరు చదువుతారు.

కాకతీయ తోరణం (వరంగల్)

ఆ వాక్యాలతో సహా విజ్ఞప్తిని మా ఊరి బృందంలో నేను పెడతాను. వరంగల్ నుంచి రేడియేషన్‌కు వచ్చేవారు చాలామంది ఉన్నారు, ఎవరికైనా బస కావలసి వస్తే సంస్థ సామాజిక కార్యకర్తకు ఎలా చెప్పాలో తెలియజేయండి. పరుగు రోజున గచ్చిబౌలికి ముందు చివరి ఎత్తు దగ్గర నిమ్మరసంతో నిలబడటానికి నేను, మా అన్నయ్య వస్తాం.

లెక్కల పద్దు (విజయవాడ)

పత్రాలు అందాయి. 80జీ గడువు సరిగానే ఉంది. విదేశీ విరాళాల నమోదు మాత్రం ఈ సంస్థకు లేదు, కాబట్టి జాక్సన్‌విల్ మిత్రుల్లో భారత పాస్‌పోర్టు ఉన్నవారు మాత్రమే పంపాలి, మిగిలినవారు తమ ఊరి మారథాన్ సంస్థకే ఆ సొమ్ము ఇస్తే అది కూడా ఇలాంటి స్త్రీలకే చేరుతుంది. హుస్సేన్‌సాగర్ ఉదయం గారూ, విజ్ఞప్తిలో చేర్పులు చేశాక ఇక మొదలుపెట్టవచ్చు. ప్రతి నెల మొదటి వారంలో దాతల పేర్లు లేకుండా రసీదు సంఖ్యలు, మొత్తం, ఏ పనికి ఎంత ఖర్చయిందన్న పట్టిక ఇక్కడే పెట్టండి.

హుస్సేన్‌సాగర్ ఉదయం (హైదరాబాద్)

అలాగేనండి. ముక్క పరీక్ష వాక్యం, లక్షణాల వాక్యాలు రెండూ చేర్చాను, సంస్థ పేరు, ఖాతా వివరాలు సంస్థ వారి అనుమతి రాగానే పెడతాను. కాకతీయ తోరణం గారూ, సామాజిక కార్యకర్తను కలిసేటప్పుడు రోగి ఆసుపత్రి కార్డు, రేడియేషన్ తేదీలు రాసిన చీటీ, ఆధార్ నకలు తీసుకెళ్లాలని సంస్థవారు చెప్పారు. మొదటి సిట్టింగుకు వారం ముందే చెబితే బస దొరకడం సులభమట.

లీనాక్ గది (హైదరాబాద్)

వారం ముందు చెప్పడం సాధ్యమే. రేడియేషన్‌కు ముందు సీటీ సిమ్యులేషన్, అంటే రేడియేషన్ ఎక్కడ పడాలో గుర్తించే స్కాన్, చేసిన రోజునే మొదటి సిట్టింగు తేదీ దాదాపుగా ఖరారవుతుంది. ఆ రోజే వెళ్లి బసకు పేరు రాయించుకోమని మీ ఊరివారికి చెప్పండి.